కర్ర నీడకూ ఒక పంచాంగం

చిన్న తరగతుల్లో వెలుగు–నీడల పాఠం ఒక్క పూటలో తేలిపోతుంది. టార్చిలైటు, బంతి, గోడ ఉంటే చాలు. వెలుగుకు ఏదైనా అడ్డం వస్తే నీడ పడుతుందని పిల్లలంతా ఒక్క గొంతుతో అప్పజెప్తారు. వాళ్లలోనే ఒకణ్ణి పక్కకు పిలిచి, "రాత్రి లైటు ఆర్పేశాక నీ నీడ ఏమైపోతుందిరా?" అని అడిగి చూడండి. మంచం కింద దూరుతుందనో, అదీ నిద్రపోతుందనో అంటాడు. పాఠం వచ్చింది గానీ నీడ అర్థం కాలేదన్నమాట.

ఇది మన పిల్లల మాటే కాదు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే పిల్లల్ని కూర్చోబెట్టి నీడల గురించి అడిగి, వాళ్ల జవాబుల్ని 1927లో వచ్చిన పుస్తకంలో వివరంగా రాశాడు. అయిదేళ్ల వాళ్ల లెక్కలో నీడ ఒక వస్తువు. కొంత చేతిలోంచి వస్తుంది, కొంత గది మూలనున్న చీకట్లోంచి వస్తుంది. వెలుగు ఎటుందో చూసి నీడ ఎటు పడుతుందో ముందే చెప్పగలగడం ఎనిమిది తొమ్మిదేళ్లకు గానీ కుదరదని ఆయన గమనించాడు. నాలుగేళ్ల పాటు మెల్లగా పండే విషయాన్ని మనం నలభై నిమిషాల్లో చెప్పేసి చేతులు దులుపుకుంటున్నాం.

నీడను అలా మెల్లగా నేర్పడానికి కొత్త పరికరాలేవీ అక్కర్లేదు. ఏడాది పొడుగునా రుతువులే నీడను మార్చి చూపిస్తుంటాయి. ఆ మార్పును పట్టుకునే సాధనాలు రెండు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. ఒకటి శంకువు, రెండోది తోలుబొమ్మ.

శంకువంటే నిటారుగా పాతిన పుల్ల, అంతే. పాత జ్యోతిష గ్రంథాల్లో దాని ఎత్తు 12 అంగుళాలు. ఆ అంగుళం ఇంచీ కాదు, వేలి వెడల్పు. రాత్రీ పగలూ సమానంగా ఉండే రోజున మధ్యాహ్నం ఆ పుల్లకు పడే నీడను పలభ అనేవారు. పలభ తెలిస్తే ఆ ఊరు భూమధ్యరేఖకు ఎంత దూరంలో ఉందో తెలిసిపోయేది. బడిలో ఒక మీటరు కర్ర చాలు. హైదరాబాద్‌లో డిసెంబరు 22 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం దాని నీడ 86 సెంటీమీటర్లు, ఉత్తరం వైపుకి. మార్చి 21 నాటికి 31 సెంటీమీటర్లకు తగ్గుతుంది. మే 9న సుమారు పన్నెండూ పన్నెండు నిమిషాలకు అసలు కనిపించదు, కర్ర పాదంలోకే ఒదిగిపోతుంది. ఆ తర్వాత జరిగేది చదువుకున్న పెద్దల్లోనూ చాలామందికి తెలియదు. అప్పటినుంచి ఆగస్టు 3 దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. జూన్ 21న ఆ నీడ పది పదకొండు సెంటీమీటర్ల పొడవుంటుంది. ఆగస్టు 3న మరోసారి మాయమై, మళ్లీ ఉత్తరానికి తిరుగుతుంది. భూమి ఇరుసు 23.5 డిగ్రీలు ఒరిగి ఉండబట్టి ఇదంతా. ఆ కారణం పై తరగతుల్లో చెప్పుకోవచ్చు. ఆరేళ్ల పిల్లకు ముందు ఆ నీడ నడక కళ్లపడాలి.

వారానికొకసారి, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణాన దాని కొన దగ్గర ఒక గులకరాయి పెట్టించండి. ఆ క్షణం గడియారంలో సరిగ్గా పన్నెండుకు రాదు, కాబట్టి కాసేపు కాచుకుని చూడాలి. ఆ కాచుకోవడమే సగం చదువు. ఇలా గుర్తులు పెడుతుంటే ఒక తమాషా బయటపడుతుంది. ఉత్తరాయణం సంక్రాంతికి మొదలవుతుందని ఇంట్లో అమ్మమ్మ చెప్తుంది. కర్ర మాత్రం డిసెంబరు 22 దాటగానే తిరిగిపోయింది, భోగి మంటల నాటికే నీడ 80 సెంటీమీటర్లకు వచ్చింది. పంచాంగం నక్షత్రాలను బట్టి లెక్కిస్తుంది, కర్ర సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. వందల ఏళ్లు గడిచేసరికి ఆ రెండింటికీ ఇరవైకి పైగా రోజుల తేడా పడింది. అమ్మమ్మను తప్పుపట్టే పని లేకుండానే పిల్లకు ఒక గట్టి ప్రశ్న దొరుకుతుంది.

కాస్త పెద్ద పిల్లలుంటే, యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల నాటి పద్ధతి ఒకటుంది. చదునైన నేలమీద కర్ర చుట్టూ తాడుతో వృత్తం గీయాలి. పొద్దున పొడుగ్గా ఉన్న నీడ కురచనవుతూ దాని కొన వృత్తాన్ని తాకినచోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత మళ్లీ సాగుతూ తాకినచోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. దిక్సూచి లేకుండా గుడులకూ యజ్ఞవేదికలకూ దిక్కులు పట్టింది ఇలాగే.

ఎండాకాలం వేపచెట్టు కింద ఇంకో బడి నడుస్తుంది. ఆకుల సందులు వంకరటింకరగా ఉన్నా నేలమీద పడే వెలుగు చుక్కలు గుండ్రంగానే ఉంటాయి. అవి సందుల ఆకారాలు కావు, సూర్యుడి బొమ్మలు. 2019 డిసెంబరు 26న మన దగ్గర పాక్షిక సూర్యగ్రహణం పట్టినప్పుడు చెట్ల కింద ఆ చుక్కలన్నీ నెలవంకలయ్యాయి. గ్రహణం రోజున తలుపులు మూసుకుని కూర్చున్న పిల్లలు పోగొట్టుకున్నది అదే. పైకి చూడక్కర్లేదు, చూడకూడదు కూడా. నేల చూస్తే చాలు.

తోలుబొమ్మలాట కోతలైపోయి చేతికి తీరిక చిక్కిన కాలపు ఆట. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, బిగదీసి ఆరబెడితే అది వెలుగును కొంత ఆపి కొంత పోనిస్తుంది. దానిమీద బొమ్మ గీసి రంగులు అద్దుతారు. నగలు, చీర అంచులు ఉన్నచోట చిన్న ఉలులతో చిల్లులు పొడుస్తారు. తెర వెనక దీపం పెట్టగానే ఒకే బొమ్మలో మూడు రకాలు కనిపిస్తాయి: చిల్లుల్లోంచి సూటిగా వచ్చే తెల్లని వెలుగు, రంగు తోలులోంచి వడగట్టుకుని వచ్చే ఎరుపూ ఆకుపచ్చా, నల్లరంగు దట్టంగా పట్టించినచోట చీకటి. వెలుగు పూర్తిగా దూరేవి, కొంత దూరేవి, అసలు దూరనివి అని సైన్సు పుస్తకం చెప్పే విభజన సీతమ్మవారి ఒక్క బొమ్మలో ఉంది. ఇండోనేషియా వాయాంగ్ బొమ్మలు గేదెతోలువి. వాటి నీడ నల్లగానే పడుతుంది. మన బొమ్మల నీడకు రంగు తెచ్చేది మేకతోలే.

బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే గీత గీసినట్టుంటుంది. దీపం వైపు లాగితే ఆకారం పెరిగి అంచులు చెదిరిపోతాయి. పిల్లల చేతికి అట్టముక్క, పాత పంచె, సెల్‌ఫోన్ టార్చి ఇచ్చి, హనుమంతుణ్ణి పెద్దవాణ్ణి చెయ్యమనండి. ఎటు లాగాలో వాళ్లే కనుక్కుంటారు. నూనె పూసి ఆరనిచ్చిన కాగితం, రంగు మిఠాయి కాగితం అంటిస్తే తోలు లోటు తీరుతుంది. పూర్వపు అనంతపురం జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ ఈ బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటకు పిలిచేవాళ్లు తగ్గి, ఆ చేతులు బతుకుతెరువుకు లాంప్‌షేడ్లు చేస్తున్నాయి. దగ్గర్లోని బడులు ఏటా ఒక పూట వాళ్లను పిలిపిస్తే, ఏ మోడల్ కిట్టు కన్నా ఎక్కువ నేర్పి వెళ్తారు.

కార్తీకంలో రెండు ప్రమిదలు పక్కపక్కన పెట్టి మధ్యలో చెంబు నిలబెడితే ఒక చెంబుకు రెండు నీడలు. నీడ వస్తువైతే రెండెలా వచ్చాయో పిల్లలే చెప్పాలి. తరగతి గదిలో ట్యూబులైటు కింద ఇవేవీ సరిగ్గా రావు. బారెడు పొడుగు దీపం అన్నివైపుల నుంచీ వెలుగు పోస్తుంటే నీడ కరిగిపోతుంది. పాఠం బెడిసికొట్టిందని టీచర్లు అనుకునేది చాలాసార్లు దీనివల్లే.

నీడ మాయమయ్యే రోజు తిరుపతిలో ఏప్రిల్ చివరి వారం, విజయవాడలో మే మొదటి వారం, ఆదిలాబాద్‌లో మే మూడో వారం. చిక్కల్లా అవి వేసవి సెలవులు. రెండోసారి వచ్చే రోజేమో జులై ఆఖరు నుంచి ఆగస్టు మధ్యదాకా, అంటే మబ్బుల్లో. ఆ రోజే కావాలని పట్టుపట్టనక్కర్లేదు. మూడు రోజులు అటూ ఇటూ అయినా మీటరు కర్రకు పడే నీడ రెండు సెంటీమీటర్లు మించదు. ఎండ కాసిన రోజు చూసుకోవచ్చు. మబ్బు వీడకపోతే పిల్లల్ని అలాగే బయటికి తీసుకెళ్లి, వెలుగుంది గదా, నీడేదీ అని అడగండి. ట్యూబులైటు సంగతి గుర్తున్న పిల్ల ఒకతి ఆకాశమంతా చూపించి జవాబు చెప్తుంది.