విస్తరాకు లాంటి రిపోర్టు

ఓ రైస్ మిల్లు కోసం మిత్రుడొకడు మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో రాసిన ప్రోగ్రాం ఈమధ్య చూశాను. సాయంత్రం గుమస్తా ఒక బటన్ నొక్కుతాడు. ఆ రోజు ఏ రైతు ఏ రకం ధాన్యం ఎన్ని బస్తాలు దించాడో చూపిస్తూ కాగితం వస్తుంది. ఇందులో వింతేమీ లేదు. వింతల్లా ఏమిటంటే, ఆ కాగితాన్ని ఇచ్చిన రిపోర్టు డేటాబేస్‌లో ఎంత వెతికినా కనపడదు. బటన్ నొక్కినప్పుడు పుట్టి, ప్రింటయ్యాక పోతుంది. విస్తరాకు లాగా, ఆ పూటకే.

ఇలా రాయాల్సిన అవసరం ఏమొచ్చిందంటే, ధాన్యం రకాలు రోజుకో తీరుగా వస్తాయి. ఒకరోజు స్వర్ణ, సాంబ మసూరి రెండే. మర్నాడు ఎంటీయూ 1010, ఆర్‌ఎన్‌ఆర్ 15048 వగైరాలు కలిసి ఆరవుతాయి. రకాలను నిలువు వరసలుగా మార్చే క్రాస్‌టాబ్ క్వెరీ యాక్సెస్‌లో ఉంది. అది ఏ రోజు వచ్చిన రకాలకు ఆ రోజే వరసలు వేస్తుంది. రిపోర్టు మాత్రం మొండిది. స్వర్ణ వరస పెట్టి దాచుకున్న రిపోర్టును స్వర్ణ రాని రోజున తెరిస్తే, అలాంటి ఫీల్డే లేదని మొరాయిస్తుంది.

దీనికి చాలామందికి మొదట తట్టే ఉపాయం ఒకటుంది. ఒకే రిపోర్టు ఉంచుకుని, రోజూ కోడ్‌తోనే పాత గళ్ళు చెరిపి కొత్తవి వేయడం. నెల్లాళ్ళు బాగానే నడుస్తుంది. కానీ ఒక రిపోర్టు మీద దాని జీవితకాలంలో పెట్టగలిగే కంట్రోళ్ళు, సెక్షన్లు అన్నీ కలిపి 754 దాటకూడదని యాక్సెస్ నియమం. చెరిపేసినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. రోజూ ఆరు రకాలు వస్తాయనుకుంటే, రైతు పేరు, ఆ ఆరు, మొత్తం కలిపి ఎనిమిది వరసలు. ఒక్కో వరసకి పైన శీర్షిక, మధ్యలో అంకె, అడుగున కూడిక. అంటే రోజుకి 24. సెక్షన్ల సంగతి పక్కన పెట్టినా, 31 రోజులకి 744. ముప్పై రెండో సాయంత్రం, రైతులు చీటీల కోసం నిలబడి ఉండగా పని ఆగిపోతుంది. ఈ లెక్క తెలిసినవాడు ఎంగిలి విస్తరి కడుక్కుని మళ్ళీ వాడడు.

మావాడి కోడ్ పెద్దదేం కాదు. ముందు క్రాస్‌టాబ్‌ను తెరిచి ఎన్ని ఫీల్డులున్నాయో చూసుకుంటుంది. క్రియేట్‌రిపోర్ట్ అనగానే డిజైన్ వ్యూలో ఖాళీ రిపోర్టు లేస్తుంది. ఆ తర్వాత క్రియేట్‌రిపోర్ట్‌కంట్రోల్ ఒక్కో గడినీ పేర్చుకుంటూ పోతుంది. ఏ సెక్షన్‌లో ఉండాలి, ఎడమ నుంచి ఎంత, పైనుంచి ఎంత, వెడల్పెంత, అన్నీ చెప్పాలి. కొలతలన్నీ ట్విప్‌లలో ఇవ్వాలి. అంగుళానికి 1,440 ట్విప్‌లు.

ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. అటూ ఇటూ ఒక్కో సెంటీమీటరు వదిలితే సుమారు 10,770 ట్విప్‌లు మిగులుతాయి. అందులో రైతు పేరుకి 2,800 తీసి పక్కన పెట్టాడు. ఒకే పేరున్నవాళ్ళు ఊరికి నలుగురుంటారు కాబట్టి తండ్రి పేరు కూడా వేయాలి మరి. మిగిలిన 7,970ని ఏడు వరసలకి పంచాలి. నేను ఆగి రెండోసారి చదివిన లైను ఇదే. భాగహారానికి మామూలు గీత కాకుండా వెనక్కి వాలిన గీత వాడాడు. మామూలు గీతైతే 1,138.57 వస్తుంది. పూర్ణాంకంగా దాచుకునేసరికి అది 1,139 అవుతుంది. ఏడు వరసలకి 7,973, ఉన్నదానికన్నా మూడు ఎక్కువ. వెనక్కి వాలిన గీత శేషాన్ని వదిలేసి 1,138 దగ్గర ఆగుతుంది. చివర నాలుగు ట్విప్‌లు మిగిలిపోతాయి, అంతే. మూడు ట్విప్‌లంటే మిల్లీమీటరులో దాదాపు ఇరవయ్యో వంతు, కంటికి ఆనదు. అయినా రిపోర్టు వెడల్పు కాగితాన్ని దాటితే ఏమవుతుందో యాక్సెస్‌తో పనిచేసినవాళ్ళకి తెలుసు. అచ్చైన ప్రతి కాగితం వెనకా ఒక తెల్ల కాగితం వస్తుంది. రకాలు మరీ ఎక్కువై వరస 900 ట్విప్‌లకి తగ్గితే, ఈ కోడ్ కాగితాన్ని అడ్డంగా తిప్పి లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకుంటుంది.

తెలుగు శీర్షికల దగ్గర ఇంకో తంటా ఉంది. వీబీఏ కోడ్ రాసే కిటికీకి యూనికోడ్ తెలియదు. అక్కడ తెలుగు టైపు చేస్తే ప్రశ్నార్థకాలే మిగులుతాయి. ‘పేరు’ అనడానికి 3114, 3143, 3120, 3137 అని అక్షరాల సంఖ్యలు అప్పజెప్పాలి. మొదట అలాగే రాశాడట. తన కోడ్ తనకే అర్థంకాక, శీర్షికలన్నీ ఒక టేబుల్‌లోకి మార్చాడు. టేబుల్‌కి తెలుగుతో ఏ పేచీ లేదు. ఇప్పుడు మిల్లు యజమానికి ‘మొత్తం’ నచ్చక ‘వెరసి’ కావాలంటే, గుమస్తానే మార్చుకుంటాడు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఎంగిలెత్తే పద్ధతి. గళ్ళు పేరుస్తున్నంతసేపూ తెర మీద గందరగోళం కనపడకుండా ఎకో, అంటే తెరను ఎప్పటికప్పుడు మార్చి చూపే పని, ఆపేస్తాడు. మధ్యలో ఏదైనా తప్పు దొర్లి కోడ్ ఆగిందా, తెర అలాగే బిగుసుకుపోతుంది. గుమస్తా కంప్యూటరే చెడిపోయిందనుకుంటాడు. అందుకని పని సవ్యంగా జరిగినా, తప్పు జరిగినా, దారి ఒకే చోటికి చేరుతుంది. అక్కడ కోడ్ ముందు ఎకో తిరిగి వేస్తుంది. తప్పు జరిగుంటే సగం కట్టిన రిపోర్టును అక్కడికక్కడే మూసేస్తుంది. లేకపోతే ప్రివ్యూ చూపించి, ప్రింటయ్యాక మూస్తుంది. ఎలా మూసినా ‘సేవ్ చేయొద్దు’ అన్న మాటతోనే. మార్పులు దాచమంటారా అన్న ప్రశ్న గుమస్తా దాకా రానే రాదు. సేవ్ చేసి తర్వాత తుడిచేసే కోడ్‌లు బోలెడు చూశాను. వాటితో ఫైలు ఉబ్బిపోతుంది, దాన్ని మళ్ళీ కుదించుకుంటూ ఉండాలి.

ఈ పనితనానికి ఒక హద్దుంది. ఫైలును డిజైన్ మార్చే వీల్లేని ఏసీసీడీఈగా బిగించి ఇస్తే డిజైన్ వ్యూ తెరుచుకోదు కాబట్టి క్రియేట్‌రిపోర్ట్ పనిచేయదు. అలాంటి చోట ఓ ఇరవై ఖాళీ గళ్ళున్న రిపోర్టు ముందే సిద్ధం చేసి, తెరుచుకునే క్షణంలో వాటికి ఫీల్డులు తగిలించి, అక్కర్లేనివి దాచేయాలి. నలుగురికి పంచే ప్రోగ్రామైతే నేనూ ఆ దారే పడతాను.

నేను చూస్తుండగానే గుమస్తా కాగితం చింపకుండా లాగి, యజమాని బల్ల మీద పెట్టి వచ్చాడు. తెర మీద రిపోర్టుల జాబితా తెరిచి చూశాను. ఖాళీగా ఉంది.