పాపమెరిగి పట్టిన ఖడ్గము

డీట్రిష్ బోన్‌హోఫర్ అను జర్మను పాదిరి 1940 మొదలు 1943 వరకు వ్రాయుచు, ముగింపకయే చెరసాలకు పోయిన గ్రంథము 'నీతిశాస్త్రము'. 1945 ఏప్రిల్ 9వ తేదీన ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధశిబిరమున ఆయనను ఉరితీసిరి. మిత్రుడైన బేట్గె దొరకిన కాగితములను కూర్చి 1949లో దీనిని ప్రకటించెను. హిట్లరును కూలద్రోయుటకై సాగిన కుట్రలో తెలిసి పాల్గొన్నవాడు వ్రాసిన నీతిగ్రంథమని వినగానే, ఖడ్గధారణకు ఇందు సమర్థనము దొరకునని పాఠకుడు ఎదురుచూచును. అది దొరకదు. దొరకకపోవుటయే ఈ గ్రంథమునకు ప్రాణమని మా యభిప్రాయము. దీని లోపము కూడ అచ్చటనే యున్నది. ఇది విశదమగుటకు కొంచెము వెనుకకు పోవలసియుండును.

క్రీస్తు కొండమీది ప్రసంగమున దెబ్బకు దెబ్బ తగదని బోధించెనని మన పాఠకులెల్లరు ఎరుగుదురు. తొలి మూడు శతాబ్దముల క్రైస్తవ గురువులలో పెక్కురు రక్తపాతమును నిరాకరించిరి. నాల్గవ శతాబ్దమున చక్రవర్తులే క్రైస్తవులైనపుడు చిక్కు వచ్చినది. సరిహద్దున శత్రువు, వీధిలో దొంగ, న్యాయపీఠముపై క్రైస్తవుడు! ఇక ఏమి చేయవలెను? హిప్పో పట్టణపు బిషప్పైన అగస్టీను చెప్పిన సమాధానమే తరువాతివారికి మూలమైనది. తన ప్రాణమును కాపాడుకొనుటకై ఒకనిని చంపుట ఆయనకు సమ్మతము కాదు. పొరుగువారిని, నగరమును రక్షించుటకై అధికారి యాజ్ఞచొప్పున ఆయుధము పట్టవచ్చును. అదియు ద్వేషము లేక, శాంతినే కోరి పట్టవలెను. మనము సాధారణముగా తలచు తీరునకు ఇది తలక్రిందులైనది. ఆత్మరక్షణమునకు అడ్డులేదనియు, పరులకొరకు చేయి యెత్తుట మన యిష్టమనియు మనము అనుకొందుము. అగస్టీనుకు పరరక్షణమే కారణము, ఆత్మరక్షణము శంకాస్పదము. పదుమూడవ శతాబ్దమున థామస్ అక్వినాసు దీనిని మూడు నియమములుగా బిగించెను: ప్రభుత్వాధికారము, న్యాయమైన కారణము, సదుద్దేశము. ఆత్మరక్షణమును మాత్రము ఆయన అంగీకరించెను, కాని కావలసినంతకు మించి బలము వాడరాదనెను.

ఈ నియమములను పాఠ్యగ్రంథములన్నియు వల్లించును. అవి అంతగా చెప్పని సంగతి వేరొకటి కలదు. అదే మాకు ముఖ్యముగా తోచినది. న్యాయయుద్ధమున చంపినవాడు నిర్దోషి యని పూర్వపు క్రైస్తవసంఘము తలచలేదు. యుద్ధమున చంపుటను పూర్వులు హత్యగా లెక్కింపలేదని ఒప్పుకొనుచునే, కైసరియా బిషప్పైన బాసిలు, చేతులు శుద్ధముకానివారు గనుక మూడేండ్లు ప్రభువుభోజనమునకు దూరముగా నుండుట మంచిదని సలహా చెప్పెను. 390లో థెస్సలొనీక పట్టణమున ప్రజలను ఊచకోత కోయించిన థియోడోసియసు చక్రవర్తిని మిలాను బిషప్పైన అంబ్రోసు దేవాలయమున ప్రాయశ్చిత్తమునకు నిలిపెను. 1066లో హేస్టింగ్సు యుద్ధమున గెలిచిన నార్మనులకు వారి బిషప్పులే కొలది యేండ్లలో ప్రాయశ్చిత్తవిధి నేర్పరచిరి. చంపిన ఒక్కొక్క మనుష్యునికి ఒక్కొక్క సంవత్సరము! విలుకాండ్రకు తమ బాణము ఎందరిని చంపెనో తెలియదు గదా, వారికి మూడు ఉపవాసకాలములు. గెలిచినవారు తమది న్యాయయుద్ధమనియే నమ్మిరి. అయినను లెక్క అప్పగించవలసి వచ్చినది. జయము చేతికి చిక్కిన తరువాత సింహాసనమెక్కనని కుమిలిన ధర్మరాజును శాంతిపర్వమున చదివిన మనకు ఈ భావము క్రొత్తది కాదు.

ముప్పదియేండ్లయినను నిండలేదు. 1095లో క్లెర్మాంటు సభయందు రెండవ అర్బను పోపు కీర్తిధనములకు కాక భక్తితో యెరూషలేము విడిపింప బోవువారికి ఆ ప్రయాణమే సర్వప్రాయశ్చిత్తమగునని ప్రకటింపజేసెను. నిన్నటివరకు ఖడ్గమునకు ప్రాయశ్చిత్తము కావలసియుండెను. నేడు ఖడ్గయాత్రయే ప్రాయశ్చిత్తమైనది. నియమములలో ఒక్క అక్షరమైనను మారనక్కరలేదు. అధికారి కలడు, కారణము కలదు, ఉద్దేశము మంచిదని చెప్పుకొనవచ్చును. పోయినది దుఃఖమొక్కటే. అది పోగానే ధర్మము ఆజ్ఞాపత్రమైనది.

అగస్టీను జీవితముననే దీని బీజము కనబడును. ఉత్తరాఫ్రికాలో చీలిపోయిన డొనాటిస్టులను విశ్వాసవిషయమున నిర్బంధింపరాదని ఆయన మొదట తలచెను. 408 ప్రాంతమున అభిప్రాయము మార్చుకొని, విందునకు రాని అతిథులను బలవంతముగా తీసికొనిరమ్మను సువార్తోపమానమును చూపి, చక్రవర్తి శాసనములను సమర్థించెను. కొడుకును కొట్టు తండ్రి వానిని ప్రేమించుచునే కొట్టునని ఆయన దృష్టాంతము. ఈ దృష్టాంతమును మన యిండ్లలో విననివారెవరు? 'నీ మేలుకే' అను మాటతో ఎత్తబడని చేయి అరుదు. ఆ యగస్టీనే తన ఆత్మకథ తొమ్మిదవ భాగమున, భర్తల దెబ్బలకు మొగములు కమిలిన ఇరుగుపొరుగు స్త్రీలను గూర్చి వ్రాసెను. తల్లి మోనికా వారికి ఓర్పునే బోధించినదట! ఆ కమిలిన మొగములను చూచినవాడు ప్రేమతో కొట్టుట యను మాటను అంత తేలికగా వ్రాయకుండవలసినది.

ఇక బోన్‌హోఫరును చదువుదము. 1937లో ప్రకటించిన 'శిష్యత్వము' అను గ్రంథమున ఆయన, కీడును ఎదిరింపక సహించుటచేతనే జయింపవలెనను బోధను చాటినవాడు. 1934లో గాంధీమహాత్ముని యాశ్రమమునకు రాదలచెను; మహాత్ముడు రమ్మని జాబు కూడ వ్రాసెను. స్వదేశమున పాదిరులకు శిక్షణ నిచ్చు పని మీదబడుటచే ఆ ప్రయాణము జరుగలేదు. అట్టివాడు 1940 నుండి సైనిక గూఢచారిశాఖలో ఉద్యోగిననిపించుకొనుచు కుట్రదారులకు తోడ్పడెను. 1942లో స్వీడనులో ఇంగ్లీషు బిషప్పైన జార్జి బెల్లును కలసి వారి పేర్లు తెలిపెను. ఆ యేడే, గూఢచారిశాఖ పనివారను నెపముతో 14 మందిని, చాలవరకు యూదులను, స్విట్జర్లాండుకు దాటించిన యత్నమున తోడుపడెను.

గ్రంథమున వీనిలో ఒక్కటియు లేదు, ఉండుటకు వీలులేదు. కాని బాధ్యతను గూర్చిన భాగమున ఆయన తీసికొన్న ఉదాహరణము చూడుడు. తరుముకొని వచ్చిన హంతకుడు, 'నీ మిత్రుడు లోపల దాగెనా?' అని యడిగినపుడు సయితము అబద్ధమాడరాదని కాంటు 1797లో వాదించెను. ఇట్టి సత్యసంధత వికృతమని బోన్‌హోఫరు తీర్పు. ఇంతవరకు పలువురు చెప్పినదే. విశేషము తరువాత నున్నది. మిత్రునికొరకు అబద్ధమాడినవాడు దోషిగాకుండ పోవునని ఆయన అనడు. దోషము దోషమే, పొరుగువానికొరకు దానిని మోయుటయే బాధ్యత. తన చేతులు తెల్లగా నుండవలెనని తప్పుకొనువాడు పొరుగువానికంటె తన పరిశుద్ధతనే యెక్కువ ప్రేమించినవాడు. బలప్రయోగమునకును ఇదియే వర్తించును. నియమము విరుగవలసిన కడపటి యవసరము రావచ్చును, కాని ఆ కడపటిదానిని మరల ఒక నియమముగా చేయరాదని ఆయన హెచ్చరించెను. బాసిలు నాటి ప్రాయశ్చిత్తము క్లెర్మాంటులో పోయిన తరువాత ఇంత స్పష్టముగా తిరిగి వచ్చిన చోటు మాకు వేరొకటి తోచదు.

ఈ దోషభావము కుట్రకు మెరుగుపెట్టుటకై చేర్చినది కాదు. గ్రంథమున మరియొకచోట ఆయన తన సంఘముచేతనే పాపమొప్పించెను. క్రీస్తుకు సోదరులైన మిక్కిలి బలహీనుల ప్రాణములు పోవుచుండగా నోరు మెదపకుండుట ఆ పాపములలో నొకటి. కత్తి పట్టినవాడును దోషి, పట్టక మిన్నకున్నవాడును దోషి. తప్పించుకొను మూల ఎవ్వరికిని లేదు. దీనిని చదువునపుడు మాకు గొంతు పట్టినది.

అయినను గ్రంథమున పెద్ద కొరత కలదు. 'నేను పాపమెరిగియే చేయుచున్నాను' అని ఎవడైనను అనగలడు. అమెరికాలో 1980, 1990 దశకములలో గర్భస్రావ వైద్యశాలలపై దాడులు చేసినవారిలోను, వారిని సమర్థించినవారిలోను కొందరు బోన్‌హోఫరు పేరునే చెప్పుకొనిరి. అది ఆయనకు అన్యాయమే. కాని వారిని ఆపుటకు గ్రంథమున తలుపు ఏదీ? కడపటి యవసరమును నియమము చేయరాదన్న హెచ్చరిక చాలదు. ప్రతివాడును తనదే ఆ కడపటి యవసరమనును. ఇచ్చట అక్వినాసు అడుగు మోటుప్రశ్నలే పనికివచ్చును. ఈ పనికి నీవెవడవు? ఎంత బలము చాలును? నిరంకుశుని కూలద్రోయుట తిరుగుబాటు కాదు, నిజమైన తిరుగుబాటుదారు ఆ నిరంకుశుడే యని ఆయన ఒప్పుకొనెను. కాని కూలద్రోయుటవలన ప్రజలకు నిరంకుశత్వముకంటె హెచ్చు హాని కలుగరాదనెను. ఈ లెక్క బోన్‌హోఫరు తన మనస్సున వేసికొనకపోలేదు, కాగితముపై వేయలేదు. అక్వినాసుకు కన్నీరు కొరత, ఈయనకు కొలత కొరత.

రెండవ కొరత ఇంతకంటె సూక్ష్మమైనది. దోషమును మోయువాని యంతరంగమే పుటలనిండ నున్నది. దెబ్బ తగిలినవాని మొగము కనబడదు. 1944 జూలై 20న స్టాఫెన్‌బెర్గు పెట్టిన బాంబుకు హిట్లరు చావలేదు, చచ్చినవారు నలుగురు. అందొకడు సభాసంభాషణములను వ్రాసికొనుచుండిన శీఘ్రలేఖకుడు. గ్రంథము అప్పటికి ఏడాది పైగా ఆగియుండెను, ఆ లేఖకుని గూర్చి ఆయన వ్రాయలేదని తప్పుపట్టుట లేదు. కాని అట్టివానికి చోటిచ్చు వాక్యము ఒక్కటియైనను ఆ బాధ్యతాభాగమున ఉండవలసినది. ఒక్కొక్క శవమునకు ఒక్కొక్క సంవత్సరమని వ్రాసిన నార్మను బిషప్పులు ఈ విషయమున మేలు.

ఆ మరునాడు, జూలై 21న, టేగెల్ చెరసాలనుండి బేట్గెకు వ్రాసిన జాబులో బోన్‌హోఫరు, 'శిష్యత్వము' గ్రంథమునందలి అపాయములు ఇప్పుడు తనకు కనబడుచున్నవనియు, అయినను తాను వ్రాసినదానికి కట్టుబడియే యున్నాననియు తెలిపెను. కనుక 'నీతిశాస్త్రము'ను ఒంటిగా చదువవలదని మా మనవి. ఆ మొదటి గ్రంథమునందలి కొండమీది ప్రసంగ వ్యాఖ్యను ముందు చదివి, పిదప ఇందలి బాధ్యతాభాగమునకు రావలెను.