ఉచ్చును పట్టు కన్ను, పంచనామా వ్రాయు చేయి

నల్లమల యనగానే మన పత్రికలవారు పెద్దపులిని గూర్చి వ్రాయుదురు. మల్లెలతీర్థపు జలపాతమును గూర్చి వ్రాయుదురు. చైత్రపూర్ణిమకు సలేశ్వరపు లోయలోనికి దిగు జనసందోహమును గూర్చి పుటలు నింపుదురు. ఆ పులి యింకను బ్రదికియుండుటకు కారకుడైన రేంజి యధికారిని గూర్చి మాత్రము, ఆయనపై నెవరైన కఱ్ఱ యెత్తిన నాడు తప్ప, ఒక్క పంక్తియైనను వ్రాయరు. ఆయన చేయునది కేవలము కొలువు కాదనియు, ఏండ్ల తరబడి కాలినడకను అభ్యసించిన విద్య యనియు గుర్తించినవారు మనలో నెందఱు?

ఈ యడవి నిజాము ప్రభువుల వేటభూమి యనియు, ఫరహాబాదున వారికి విడిది యుండెననియు పెద్దలు చెప్పుదురు. జంగ్లాత్ జవాను వచ్చుచున్నాడనిన పల్లెలు గడగడలాడెడివట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల రక్షణకు ప్రత్యేకింపబడినది. రాష్ట్రము వేరైన పిమ్మట మన పాలమూరు, నల్లగొండ జిల్లాల భాగము, 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడినది, అమ్రాబాదు పేర నిలిచినది. చరిత్ర యింతటితో చాలును. నాకు కావలసినది పనితనము.

వేసవిలో వాగులెండి, జంతువులన్నియు నాలుగైదు చెలమల చుట్టు చేరినప్పుడు ఉచ్చులు పుట్టును. మోటారుసైకిలు క్లచ్చి తీగను వలయముగా జుట్టి, కుందేటికొక యెత్తున, పందికొక యెత్తున, కణితికొక యెత్తున కట్టుదురు. దానిలో చిరుతయు పడును, పులియు పడును, తీగకు కులభేదము తెలియదు. కొత్తగా చేరిన యుద్యోగి తీగకొఱకు వెదకుచు పోయి దానినే కాలితో తన్నుకొనును. అనుభవశాలి తీగకొఱకు వెదకడు. జంతువును తాననుకొన్న యిరుకుసందునకే మళ్లించుటకు వేటగాడు బాటకు ఇరువైపుల రేగుకంప కొట్టి నాటును గదా. కొట్టిన కంప ఒక్క పూటలో వాడిపోవును. చుట్టును పచ్చగానున్న పొదల నడుమ వాడిన ఆకు నిలువుగా నిలిచియుండుట యాయన కంటబడును. అప్పుడైనను తీగను ముట్టడు. ఉచ్చు పన్నినవాడు తెల్లవారకముందే చూచుకొన వచ్చునని యెఱిగినవాడు గనుక, గాలికి ఎదురుగా, దగ్గు నణచుకొని, రాత్రంతయు మాటు వేసి కూర్చుండును. వేటగాడు వచ్చి, తీగపై చేయి వేసిన క్షణమున లేచును.

కరెంటు తీగల వేట యింతకన్న క్రూరమైనది. పొలముల మీదుగా పోవు లైనునకు కొక్కెము తగిలించి, బాట వెంబడి మోకాలెత్తున ఇనుపతీగ పఱతురు. మంచి యధికారి యీ నేరమును అడవిలో గాక సబ్‌స్టేషనులో పట్టును. అర్ధరాత్రి యొకే ఫీడరు మరల మరల ట్రిప్పగుచున్నచో, ఆ లైను క్రింద ఏ ప్రాణియో పడినదని గ్రహించి, లాగుబుక్కులోని గంట నిమిషములను చూచుకొని బయలుదేరును.

ఈ విద్యకు గురువులు చెంచులు. బేస్ క్యాంపులలో కాపలాయుండు చెంచు వాచరు నేలపై వంగి, “సారూ, ఇద్దరు పోయిండ్రు. మంచు పడకముందే పోయిండ్రు. ఎనుకటోని నెత్తిమీద బరువుంది” అనును. “బరువెట్ల జెప్పినవ్ తాతా?” అని అడిగిన, మడమ దిగిన లోతును వ్రేలితో చూపును. ఆ వ్రేలిని నమ్మి నడచు నధికారియే నా దృష్టిలో అధికారి. తక్కినవారు యూనిఫారము తొడిగిన గుమాస్తాలు.

ఇంత చేసి ముద్దాయిని పట్టినంత మాత్రమున పని సగమే యైనది. కేసు నిలుచునది కాగితముపై. తీగ యే చెట్టునకు, నేలకెంత యెత్తున, ఏ దిక్కునకు కట్టబడెనో పంచనామాలో ఎక్కవలెను. తీగను కోయవలసివచ్చిన ముడికి దూరముగా కోయవలెను, ఏలయన ముడి వేసినవాని చేవ్రాలు ముడిలోనే యుండును. అసిస్టెంట్ కన్జర్వేటరు స్థాయికి తగ్గని యధికారి ముద్దాయి యెదుట నమోదు చేసిన సాక్ష్యమునకు న్యాయస్థానమున విలువ కలదని వన్యప్రాణి సంరక్షణ చట్టపు 50వ సెక్షను చెప్పుచున్నది. ఆ యవకాశమును వినియోగించుకొనువారు కొందఱే. కుండలో ఉడికిన కూరముక్క మేకదని ముద్దాయి బొంకిన, దానిని ముద్రవేసిన సీసాలో హైదరాబాదు పంపవలెను. లాల్జీ సింగు వంటి శాస్త్రజ్ఞులు వేసిన బాటలో అత్తాపూరునందలి లాకోన్స్ ప్రయోగశాలవారు, అది దుప్పిదో కృష్ణజింకదో డీఎన్‌ఏను బట్టి తేల్చుదురు. కాని సీసాపై ముద్ర సరిగా లేనిచో, పద్యమున యతి తప్పినట్లు, అంతటి శాస్త్రమును కూలబడును.

ఈ వృత్తిలో మహాత్ములు లేరా? రాజమహేంద్రవరమున పుట్టి కర్ణాటకమున కొలువు చేసిన పందిళ్లపల్లి శ్రీనివాస్‌గారిని తలచినప్పుడెల్ల నాకు కనులు చెమర్చును. వీరప్పన్ స్వగ్రామమైన గోపీనాథములోనే యుండి, రోగులకు మందులిప్పించి, ఊరివారికి గుడి కట్టించి, బందిపోటు చుట్టములను సైతము తనవారినిగా చేసికొనిన ధీరుడాయన. వీరప్పన్ లొంగిపోవునను మాట నమ్మి నిరాయుధుడై పోయి 1991 నవంబరు 10న ప్రాణమిచ్చెను. కీర్తిచక్రము మరణానంతరము వచ్చినది. ఆయన తుపాకిని గాక మనుష్యుని నమ్మెను. అట్టి యధికారి మరల పుట్టలేదని నేను పందెము వేసి చెప్పగలను. మన తెలంగాణములోనే, 2019లో సార్సాలలో మొక్కలు నాటింపబోయిన రేంజి యధికారిణి అనితగారిని కఱ్ఱలతో మోదిరి. 2022 నవంబరులో చండ్రుగొండ రేంజి యధికారి శ్రీనివాసరావుగారిని నఱికి చంపిరి.

అసలు విద్య యిట్లు రక్తము చిందించుచుండగా, నకిలీ విద్య బజారెక్కినది. జీపు దిగకుండ దారి వెంబడి పోయి, ఫోనులోని గీతను గస్తీ యని చూపుట యొక నకిలీ. రాత్రి 9కి మన్ననూరు చెక్‌పోస్టు గేటు దింపి, ఇక శ్రీశైలపు దారి భద్రమని నిద్రపోవుట మఱియొక నకిలీ. అన్నిటికన్న నాకు ఒళ్లు మండించునది, బల్లపై చర్మములు పఱచి, వెనుక ముసుగులు తొడిగిన మనుష్యులను నిలిపి తీయించుకొను ఫోటోల పోలీసు వేడుక. చట్టములోని 55వ సెక్షను ప్రకారము అధికారమున్నవారి ఫిర్యాదు లేక న్యాయస్థానము ఈ కేసును స్వీకరింపదు. వట్టి ఛార్జిషీటుతో పోయిన కేసు గడప దాటదు. ఫోటో అచ్చుపడును, ముద్దాయి యింటికి పోవును. ఆ చర్మములలో కొన్ని రంగువేసిన కుక్కతోళ్లు, ఆ పులిగోళ్లలో కొన్ని పశువుల కొమ్ముతో చెక్కినవి యనుట వేఱు కథ. వెండ్రుకలు పాయదీసి చారలు తోలుపైనను ఉన్నవా లేవా యని చూచువాడుండిన ఆ నవ్వులాట తప్పును.

ఏలినవారిని నేనడుగునది కొత్త జీపులు కావు, డ్రోనులు కావు. ఖాళీగానున్న బీట్లను నింపుడు. చెంచు వాచరు జీతమును నెల తిరుగకముందే చేతికందింపుడు. కేసు పట్టిన యధికారిని విచారణ నడుమ బదిలీ చేయకుడు. చేసితిరేని, లేక ఆయన యుద్యోగము విరమించెనేని, సాక్ష్యము చెప్పుటకు అచ్చంపేటకో దేవరకొండకో వచ్చునాడు ఆయనకు బస్సు కిరాయియైన నిండు.