ఈ చెట్టు ఏ మామిడి?

జడ్చర్ల చుట్టుపక్కల పాత మామిడి తోట వాటాకొచ్చినవాళ్లకు చెట్లొస్తాయి, పేర్లు రావు. నాటినవాళ్లకు ఏ వరుసలో ఏముందో నోటికే వచ్చు కాబట్టి ఎక్కడా రాసిపెట్టలేదు. నర్సరీవాళ్లు కట్టిన అట్టముక్క మొదటి వానాకాలం కూడా దాటదు. కల్వకుర్తి రోడ్డు వైపు మా నాయిన వదిలిపోయిన తోట అట్లాంటిదే. బేనిషాన్ ఎక్కువ, అక్కడక్కడ దశేరి, హిమాయత్, తోతాపురి, వాటి నడుమ ఏమిటో ఇంట్లో ఎవరూ చెప్పలేని పెద్ద మాన్లు. వాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టడమే ఇప్పుడు నా తీరికవేళ పని. ఇంత ఇష్టంగా నేను చేసే పని మరొకటి లేదు.

కాయ చేతికొస్తే సగం తేలిపోతుంది. తోతాపురి ముక్కు చూసి ఎవరైనా చెప్తారు. హిమాయత్ పండినా పచ్చగానే ఉంటుంది, తోలు పల్చన, టెంక చిన్నది. దశేరి సన్నగా, పొడుగ్గా ఉంటుంది, బుట్ట వాకిట్లో దించకముందే వాసన ఇంట్లోకి వస్తుంది. తోటంతా ఖాళీ అయ్యాక వచ్చేది నీలం. చిక్కంతా మల్లిక, ఆమ్రపాలి దగ్గర. రెండూ 1970లలో ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన సంకరాలు. రెండింటికీ నీలం, దశేరిలే తల్లిదండ్రులు, ఒకదానికి తల్లి అయింది ఇంకోదానికి తండ్రి. ఇక్కడ కాయకన్నా చెట్టును చూడటం మేలు. ఆమ్రపాలి పొట్టిది, గుత్తులుగా కాస్తుంది, కోస్తే కండ ముదురు నారింజ రంగు.

అయితే ప్రతి మామిడీ ఏటా కాయదు. చాలా రకాలు ఒక ఏడు విరగకాసి మరుసటేడు ఊరుకుంటాయి. కాపు లేని ఏడాది ఆకు, చిగురు, బెరడే దిక్కు. తోటలు గుత్తకు పట్టేవాళ్లు పూత మీదనే ధర కడతారు, వాళ్లకు ఈ చదువు ఎప్పుడో వంటబట్టింది. మా తోటలో కాయలు దించే పెద్దాయన చిక్కం పక్కన పెట్టి నాకు చెప్పిన మొదటి పాఠం ఇది: “కాయ లేదని కూసోకు సారూ. చిగురు నలిపి వాసన జూడు.” ఒక చెట్టు ఆకు టర్పెంటైన్‌లా గుప్పుమంటుంది, ఒకటి పచ్చి మామిడికాయలా, ఇంకోదానికి వాసనే ఉండదు. చిగురు రంగు కూడా తేడానే: ఒకదానికి రాగి రంగు, ఒకదానికి లేత గులాబీ, ఒకటి మొదటి రోజు నుంచే ఆకుపచ్చ. మామిడి రకాలను వర్ణించడానికి రోమ్‌లోని అంతర్జాతీయ సంస్థ 2006లో వేసిన పట్టికలో నలిపిన ఆకు వాసనకు ఒక గడి ఉంది. పెద్దాయన ఆ పట్టిక చూడలేదు, చూడాల్సిన అవసరమూ లేదు. హిమాలయాల నుంచి ఇంగ్లండ్ తోటలకు చేరిన రోడోడెండ్రాన్ పొదల పేర్లు వెతికేవాళ్లు కూడా పువ్వు కోసం కూర్చోరు, ఆకు తిప్పి వెనక నూగుందా, పొలుసులున్నాయా అని చూస్తారు.

వాసన కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అది అంటు మొక్కా, టెంక నుంచి మొలిచిందా? మోకాలు ఎత్తు లోపల మాను చుట్టూ తడమాలి. అంటు కట్టిన చోట ఒక గీత, కాస్త ఉబ్బు, పైన ఒక రకం బెరడు, కింద ఒక రకం బెరడు కనిపిస్తాయి. మా దగ్గర ఒక బేనిషాన్‌కు పడమటి కొమ్మ మాత్రం వేలెడంత పుల్లటి పీచు కాయలు కాసేది. ఆకులు తప్పించి కిందికి చూస్తూ పోతే ఆ కొమ్మ అతుకు కిందినుంచే లేచింది. ఏదో కరువేడు పై భాగం నీరసించి ఉంటుంది, కింది మొక్క తన దారి తను చూసుకుంది. ఒక్క మాను మీద రెండు చెట్లన్నమాట.

టెంక చెట్టయితే లెక్క మారిపోతుంది. కేరళ వైపు ఒలూర్, చంద్రకారన్ లాంటి రకాల టెంక పగలగొడితే లోపల వెల్లుల్లి రెబ్బల్లా చాలా పిండాలుంటాయి, వాటిలో ఎక్కువ తల్లి అచ్చే. మన బేనిషాన్, దశేరి టెంకల్లో ఉండేది ఒకటే. అది తల్లి పువ్వుకూ, ఈగలు ఎక్కడినుంచి తెచ్చాయో తెలియని పుప్పొడికీ పుట్టిన బిడ్డ. దాని లాంటి చెట్టు లోకంలో ఇంకోటి లేదు. ఎన్ని పుస్తకాలు తిరగేసినా దాని పేరు దొరకదు, ఎవరూ పెట్టలేదు గనక.

పేరు తెలియలేదని అట్లాంటి చెట్లను కొట్టేసి బేనిషాన్ పెట్టేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. మా జడ్చర్లలోని డాక్టర్ బి.ఆర్.ఆర్. ప్రభుత్వ కళాశాలలో వృక్షశాస్త్ర అధ్యాపకుడు సదాశివయ్య, ఆయన విద్యార్థులు కలిసి తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెంచారు. మొక్కకు చోటివ్వడం, దానికో పేరుండటం, రెండూ ముఖ్యమని ఊళ్లో పిల్లలకు అక్కడ తెలుస్తోంది. పేరు పెడితే ఏమవుతుందో తెలియాలంటే హైదరాబాద్ దారిలో ఉన్న బాలానగర్‌నే చూడండి. మన గుట్టల మీద ఎవరూ నాటకుండానే కాసే సీతాఫలంలో మంచి రకాన్ని ఎవరో గమనించి ఊరి పేరుతో పిలిచారు. సీతాఫలం తోట పెట్టాలనుకునేవాళ్లు చాలాచోట్ల నర్సరీలో ‘బాలానగర్’ అని అడుగుతారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తాను కాపాడుకొస్తున్న రకాన్ని నమోదు చేయించుకోవచ్చు కూడా.

మా తోటలో పూడిపోయిన బావి పక్కన ఒక టెంక మామిడి ఉంది. కాయ గుండ్రం, భుజాలు సమానం, ముక్కు లేదు. తోలు మందం, కత్తి దిగేటప్పుడు కరకరమంటుంది, పులుపు నాలుకను పట్టేస్తుంది. దాని తొక్కులో ముక్క మళ్లీ ఎండాకాలం వచ్చేదాకా మెత్తబడదు, అందుకే మా అమ్మ ఆవకాయకు వేరే కాయ ముట్టేది కాదు. ఇంట్లో దాన్ని ‘బావికాడిది’ అనేవాళ్లు. అల్యూమినియం రేకు మీద మేకుతో ఆ పేరే గీసి, మాను లావెక్కినా కోసుకుపోకుండా తీగ వదులుగా వదిలి కట్టాను. నోట్‌బుక్కులో చిగురు రంగు, పూత నెల, కాయ తూకం, టెంక పీచు రాసుకున్నాను. మాను ఒక పక్క పుచ్చిపోతోంది. అందుకని ఈ వానలకు దాని కొమ్మలు తెచ్చి అంట్లు కట్టిస్తున్నాను. పక్క పొలాలవాళ్లు ముగ్గురు అడిగారు. ఇచ్చే ప్రతి మొక్కకూ రేకు కట్టే ఇస్తాను.