కర్మాగారపు రాత్రి: చీకటిని ఎంత మిగల్చాలి?

పెట్రోకెమికల్ కర్మాగారంలో రాత్రిపూట వెలిగే దీపాలు ఎవరో చూసి మెచ్చుకోవాలని పెట్టినవి కావు. అక్కడి యూనిట్లు రాత్రింబవళ్లు నడవాల్సిందే. ఆపి మళ్లీ మొదలుపెట్టడం ఖర్చుతో పాటు ప్రమాదం కూడా. అందుకే రాత్రి షిఫ్టు కార్మికుడు ఎక్కే మెట్లు, నడిచే ఇనుప వంతెనలు, తిప్పే వాల్వులు తెల్లవార్లూ కనబడేలా అంతస్తు అంతస్తుకూ దీపాలుంటాయి. పగలు తుప్పు రంగులో గజిబిజిగా కనబడే గొట్టాల గుంపుకు రాత్రి ఒక ఆకారం వస్తుంది. పని జరిగే చోట వెలుగు, జరగని చోట చీకటి. ఈ పంపకం ఫొటోగ్రాఫర్ చేసింది కాదు. దాన్ని చెడగొట్టకుండా చిత్రంలోకి తేవడమే, రాత్రి కర్మాగారాలను ఫొటో తీసే ఈ కళలో కష్టమైన భాగం.

ఈ అభిరుచి జనంలోకి బాగా పాకింది జపాన్‌లో. 2007లో ఇషీ తెత్సు, ఓయామా కెన్ కలిసి తెచ్చిన ‘కోజో మోయే’ అనే పుస్తకం కర్మాగారాలను చూసి మురిసిపోవడాన్ని ఒక సరదాగా నిలబెట్టింది. 2011లో కవాసాకిలో కర్మాగారాల రాత్రి దృశ్యాల మీద దేశవ్యాప్త సదస్సు జరిగింది. మురోరాన్, యొక్కాయిచి, కితాక్యూషూ కూడా ఈ దృశ్యాలకు పేరుపడ్డ ఊళ్లే. కవాసాకిలో కాలువల మీదుగా పడవల్లో తిప్పి చూపిస్తారు కూడా.

దీనికి ముందు నడిచిన దారులు వేరు. 1955లో పిట్స్‌బర్గ్ ఉక్కు నగరాన్ని చిత్రించడానికి వెళ్లిన డబ్ల్యూ. యూజీన్ స్మిత్ కొలిమి మంటనే దీపంగా వాడుకున్నాడు. అదే దశకంలో ఓ. విన్‌స్టన్ లింక్ అమెరికాలో చివరి ఆవిరి రైళ్లను రాత్రిపూట తీస్తూ, ఉన్న వెలుగును నమ్ముకోకుండా పదుల కొద్దీ ఫ్లాష్ బల్బులు తనే అమర్చుకున్నాడు. జర్మనీలో బెర్న్ట్, హిల్లా బెహర్ దంపతులు ఇందుకు పూర్తిగా ఎదురు నడిచారు. మబ్బు పట్టిన పగటి వెలుతురులో, నీడలే పడకుండా కొలిమి గోపురాలనూ నీటి ట్యాంకులనూ తీశారు. వాళ్లకు కావలసింది కట్టడపు వివరం. రాత్రి ఫొటోగ్రాఫర్‌కు కావలసింది అది పనిచేస్తున్న తీరు.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది వేళ. నడిరాత్రి తీస్తే ఆకాశం నల్లగా పోయి, చిమ్నీ ఎక్కడ ముగిసిందో తెలియదు. సూర్యాస్తమయం తర్వాత ఇరవై నుంచి నలభై నిమిషాల మధ్య ఆకాశపు నీలం, దీపాల వెలుగు దాదాపు సరితూగుతాయి. ఆ కాసేపట్లో ఒకే ఎక్స్‌పోజర్‌లో రెండూ ఇముడుతాయి. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఈ వ్యవధి తగ్గుతుంది. కవాసాకిలో దొరికినంత మునిమాపు విశాఖపట్నంలో దొరకదు. ఓడరేవు, రిఫైనరీ, నౌకాదళ స్థావరం పక్కపక్కనే ఉన్న విశాఖలో ట్రైపాడ్ నిలబెట్టే ముందు అనుమతి సంగతి తేల్చుకోవాలి. మన దేశంలో ఇలాంటి చోట్లకు 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ వర్తించవచ్చు.

కూర్పులో మొదటి ప్రశ్న ఏం వదిలేయాలన్నదే. వైడ్ లెన్స్‌తో ప్లాంటు మొత్తాన్నీ ఇరికిస్తే దీపాల చుక్కలు మిగులుతాయి తప్ప బొమ్మ మిగలదు. 70 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో దూరం నుంచి తీస్తే ముందూ వెనకా ఉన్న టవర్లు దగ్గరికి జరిగినట్టు కనబడి, గొట్టాలు ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. కాలువ నీళ్లో, తడిసిన రోడ్డో ఉంటే ప్రతిబింబం దొరుకుతుంది. కాని అందరూ తీసేదే అది. దానికోసం అసలు కట్టడాన్ని ఫ్రేమ్ పైఅంచుకు నెట్టడం నష్టమే. ఒక మెట్ల వరుసో, రైలింగో, ఆగి ఉన్న లారీయో చేరితే కొలత తెలుస్తుంది.

ఎపర్చర్ సాధారణంగా ఎఫ్/8, ఎఫ్/11 మధ్య, ఐఎస్ఓ 100 దగ్గర ఉంచుతారు. ఎపర్చర్‌ను అంత మూస్తే దీపాల చుట్టూ నక్షత్రపు కిరణాలు వస్తాయి. లెన్స్‌లోని రెక్కలు సరిసంఖ్య అయితే కిరణాలు అన్నే, బేసి అయితే రెట్టింపు. తొమ్మిది రెక్కలకు పద్దెనిమిది. ఇక ఆవిరి విషయంలో షటర్ వేగమే రూపం ఇస్తుంది. రెండు సెకన్లకు ఆవిరి ఇంకా ముద్దలుగా, బరువుగా ఉంటుంది. ముప్పై సెకన్లకు ఏకిన దూదిలా పలచబడి గాలి వాటాన్ని చూపిస్తుంది. చిమ్నీ కొసన మండే ఫ్లేర్ మంట అంతసేపటి ఎక్స్‌పోజర్‌ను తట్టుకోదు, తెల్లటి మచ్చగా మాడిపోతుంది. దానికోసం తక్కువ వ్యవధితో విడిగా ఒకటి తీసుకోవడం మేలు.

ఫిల్మ్ రోజుల్లో సుదీర్ఘ ఎక్స్‌పోజర్‌కు మరో చిక్కుండేది. వెలుగు మరీ బలహీనమైతే ఫిల్మ్ స్పందన మందగిస్తుంది. ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ పరిశోధించిన విషయమిది. మీటర్ అరనిమిషం చూపితే కొన్ని ఫిల్ములకు నిమిషం దాటి ఇవ్వాల్సి వచ్చేది. కలర్ ఫిల్మ్‌లో మూడు పొరలూ ఒకేలా మందగించవు కనుక రంగు కూడా పక్కకు జారేది. రెండు నిమిషాల దాకా ఏ సవరణా అడగని ఫ్యూజీ ఆక్రోస్ నలుపు తెలుపు ఫిల్మ్‌ను రాత్రి ఫొటోగ్రాఫర్లు ఇష్టపడింది అందుకే. డిజిటల్ సెన్సర్‌కు ఆ బెడద లేదు. ఎక్కువసేపు తెరిచి ఉంచితే మెరిసే చుక్కలు మాత్రం పడతాయి. వాటిని తీసేయడానికి కెమెరా మరో అంతసేపు షటర్ మూసి చీకటి ఫ్రేమ్ తీసుకుంటుంది. మునిమాపు కరిగిపోతుండగా ఆ నిరీక్షణ ఎవరికి కావాలి? అనుభవజ్ఞులు దాన్ని ఆపేసి, చుక్కల సంగతి కంప్యూటర్‌లో చూసుకుంటారు.

ప్రాసెసింగ్‌లో పెద్ద తలనొప్పి రంగు. తక్కువ పీడన సోడియం దీపం దాదాపు 589 నానోమీటర్ల దగ్గరి పసుపు ఒక్కటే ఇస్తుంది. దాని కింద ఎర్ర గొట్టమూ నీలి గొట్టమూ పసుపులో ముదురూ లేతా తేడాగా మాత్రమే కనబడతాయి; పోయిన రంగును ఏ సాఫ్ట్‌వేర్ తిరిగి తేలేదు. అధిక పీడన సోడియం సుమారు 2100 కెల్విన్ దగ్గర నారింజ రంగులో ఉంటుంది. పాదరసపు దీపం పచ్చగా, కొత్త ఎల్‌ఈడీలు తెల్లగా ఉంటాయి. వీటన్నిటికీ ఒక్క వైట్ బ్యాలెన్స్ సరిపోదు. ఆటో మీద వదిలేస్తే కెమెరా నారింజను వీలైనంత చప్పబరుస్తుంది. రా ఫైలు తీసి, 3200 నుంచి 3800 కెల్విన్ మధ్య పెట్టుకుంటే ఆకాశం నీలంగా, సోడియం వెచ్చగా నిలుస్తాయి. మిగిలిన సవరణ భాగాలవారీగా చేయాలి. మొత్తం హిస్టోగ్రామ్ బాగానే ఉన్నా ఎరుపు ఛానెల్ అప్పటికే నిండిపోయి ఉండొచ్చు కనుక మూడు ఛానెళ్లనూ విడివిడిగా చూడాలి.

రెండు మూడు ఎక్స్‌పోజర్లను కలపడం తప్పు కాదు. లింక్ 1956లో తీసిన ప్రసిద్ధ చిత్రంలో రైలు పక్కన ఓపెన్ ఎయిర్ సినిమా తెర ఉంది; ఫ్లాష్ వెలుగుకు తెర మీది బొమ్మ మాయమైతే, అందులోని విమానాన్ని విడిగా తీసి ప్రింటులో చేర్చాడు. చిక్కంతా ఎక్స్‌పోజర్లను తానే కలిపేసే హెచ్‌డీఆర్ మీటను గుడ్డిగా నొక్కడంలో ఉంది. అది ప్రతి మూలనూ సమానంగా వెలిగించేస్తుంది. చీకట్లో ఉండాల్సిన గోడ, ఖాళీ స్థలం, మురికి నేల బయటపడతాయి. దీపాలు చేసిన ఎంపిక చెరిగిపోతుంది. నీడలను ఒక మెట్టు లేపితే చాలు, ఇంకా చాలాసార్లు దించడమే మంచిది.

ఇలా మిగిల్చిన చీకటి దేన్ని దాస్తోందన్నది ఈ చిత్రాల మీద ఉండే బలమైన ఆక్షేపణ. యొక్కాయిచి పేరు జపాన్‌లో దీపాలకంటే ముందు ఉబ్బసానికి తెలుసు. 1959లో మొదలైన పెట్రోకెమికల్ సముదాయం వదిలిన గంధకపు పొగ ఊరివాళ్ల ఊపిరితిత్తులను దెబ్బతీసింది. 1972లో కోర్టు బాధితుల పక్షాన తీర్పిచ్చింది. ఇప్పుడు అదే ఊళ్లో ఓడరేవు భవనం పద్నాలుగో అంతస్తు నుంచి సందర్శకులు ఆ దీపాలను చూస్తారు. అంత ఎత్తు నుంచి తీసిన చిత్రంలో ఇళ్లు దీపాల్లో కలిసిపోతాయి. నేల మీద నిలబడి, పెంకుటిళ్ల కప్పులనూ కరెంటు తీగలనూ ముందు ఉంచి, వాటి వెనక చిమ్నీలను లేపిన చిత్రానికి అంత సొగసు ఉండకపోవచ్చు. కాని కర్మాగారానికీ ఊరికీ మధ్య దూరమెంతో అందులోనే కనబడుతుంది.