మంచుదేశంలో బోన్సాయ్ మన్ను

జపాన్ బోన్సాయ్ నిపుణులు వాడే అకడామా పేరు వినగానే అదేదో అరుదైన సరుకనిపిస్తుంది. నిజానికి అది టోక్యో చుట్టూ ఉన్న కాంటో మైదానంలో కాళ్ళ కింద దొరికే మన్ను. పాత అగ్నిపర్వతాల బూడిద పేరుకున్న పొరల్లోంచి తవ్వి, ఆరబెట్టి, సైజుల వారీగా జల్లించి సంచులకెత్తుతారు. 1923 భూకంపం తర్వాత టోక్యో బోన్సాయ్ పెంపకందారులు 1925లో ఒమియాలో ఊరు కట్టుకున్నది కూడా అక్కడి నేల, నీరు నచ్చే. అజేలియాలకు వాడే కనుమా గులకకు కూడా అది దొరికే కనుమా పట్టణం పేరే పెట్టారు. దగ్గర్లో దొరికే మన్నును ఎరిగి వాడుకోవడమే ఆ సంప్రదాయం. కాబట్టి డెన్మార్క్‌లోనో మినెసోటాలోనో చెట్లు పెంచేవాళ్ళు ఓడలో వచ్చిన సంచికి అంత డబ్బు పోయనక్కర్లేదన్నది నా గట్టి నమ్మకం. పైగా మెత్తరకం అకడామా గడ్డకట్టి కరిగే చలికాలాలకు నలిగి బంకమన్నవుతుంది.

బోన్సాయ్ కుండీకి లోతు తక్కువ. చిక్కంతా అక్కడే ఉంది. వంటింటి స్పాంజిని బాగా తడిపి అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగాక నిలువుగా తిప్పితే మళ్ళీ నీళ్ళు కారతాయి. కుండీలోనూ ఇంతే. అడుగున నీళ్ళు ఎంత ఎత్తున నిలుస్తాయో తేల్చేది కుండీ లోతు కాదు, మట్టి గింజల సైజు. మెత్తని మట్టిలో ఆ తడి పొర మందంగా ఉంటుంది. నాలుగైదు సెంటీమీటర్ల కుండీలో ఇక వేళ్ళకు ఊపిరి ఆడదు. అడుగున రాళ్ళు పరిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. తడి పొర రాళ్ళ పైకి జరుగుతుందే తప్ప తగ్గదు.

చలి దీనికి తోడవుతుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. గింజల మధ్య గాలి సందులుంటే ఆ ఉబ్బుకు చోటు దొరుకుతుంది. ముద్దలా తడిసిన మట్టి అయితే కుండీనే పగలగొడుతుంది. ఎండకు పైమట్టి కరిగి అడుగు ఇంకా గడ్డగానే ఉన్న రోజుల్లో ఆ నీటికి బయటికి దారి ఉండదు.

ఇక చవక సరుకు సంగతి. డెన్మార్క్‌లో మోర్స్, ఫూర్ దీవుల్లో మోలర్ అనే తేలిక మన్ను ఉంది. సుమారు ఐదున్నర కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో బతికిన డయాటమ్‌లనే సూక్ష్మజీవుల సిలికా డొల్లలు, బంకమన్ను కలిసి పేరుకున్న పొర అది. దాన్ని బట్టీలో కాల్చి గులకలుగా చేసి పెంపుడు పిల్లుల మలమూత్రాల పెట్టెల్లో పరిచే లిట్టర్‌గా అమ్ముతారు. ఇంగ్లండ్‌లో ఎందరో బోన్సాయ్ పెంపకందారులు ఏళ్ళ తరబడి దాంట్లోనే చెట్లు పెంచుతున్నారు. అమెరికాలో ఇలాంటిదే, కాల్చిన డయాటమ్ మన్ను, కార్ల విడిభాగాల దుకాణంలో దొరుకుతుంది. షెడ్డు నేల మీద ఒలికిన నూనె పీల్చడానికి చల్లే గులక అది. బేస్‌బాల్ మైదానాల్లో వేసే కాల్చిన మట్టి పలుకులూ పనికొస్తాయి గానీ బాగా జల్లించాలి.

అయితే సంచి మీది బొమ్మ చూసి కొనకండి. తడిస్తే ఉండకట్టే బెంటొనైట్ లిట్టర్ వేళ్ళకు యమపాశమే. సువాసన కలిపినవీ వద్దు. గుప్పెడు గులక గ్లాసులో నానబెట్టి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, పొద్దున కరగనివ్వండి. ఇలా నాలుగైదుసార్లు చేశాక నీళ్ళు తేటగా ఉన్నాయా, గింజ చేతివేళ్ళ మధ్య నొక్కినా నలగకుండా ఉందా చూడండి. బురద తేలితే ఆ సంచి కుండీకి పనికిరాదు. హైదరాబాద్‌లో ఇటుక ముక్కలు చితక్కొట్టి వాడిన అలవాటుతో టొరంటో వెళ్ళినవాళ్ళు అక్కడి ఇటుకకూ ఈ పరీక్షే పెట్టాలి. సరిగా కాలని ఇటుక మంచుకు పిండైపోతుంది.

పరీక్ష నెగ్గినదాన్ని రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కిందికి రాలిన పొడిని నిర్దాక్షిణ్యంగా పారబోయాలి. చవక సరుకు ఖరీదంతా ఈ చాకిరీయే. కాల్చిన డయాటమ్ గులక నీళ్ళు విపరీతంగా పట్టి ఉంచుతుంది కనుక వాన తెరిపివ్వని ఇంగ్లండ్‌లో కోళ్ళకు వేసే గ్రానైట్ పలుకులు కానీ, ప్యూమిస్ కానీ దండిగా కలపాలి. గాలి పొడిగా ఉండే కొలరాడోలో అంత అక్కర్లేదు. పైన్ జాతికి రాయి పాలు పెంచుతారు, మేపుల్‌కు తగ్గిస్తారు. ఈ గులకల్లో పోషకాలు దాదాపు లేవు, పెరిగే కాలమంతా ఎరువు వేస్తూనే ఉండాలి.

ఎంత మంచి గులకైనా వేళ్ళను చలి నుంచి కాపాడలేదు. కొమ్మలు ఓర్చుకునే చలిని వేళ్ళు ఓర్చుకోలేవు. అందుకే శీతాకాలంలో కుండీని బల్ల మీంచి దించి, గాలి తగలని చోట నేలకు ఆనించి, చుట్టూ బెరడు పొట్టు కప్పాలి. మన్ను మార్చే పని మొగ్గలు ఉబ్బి ఇంకా విచ్చని వసంతారంభంలో పెట్టుకోవాలి. ఆ తర్వాత రాత్రి గడ్డకట్టే చలి వస్తుందని తెలిస్తే కుండీని షెడ్డులోకి మార్చాలి.