కెమెరా వద్దన్నప్పుడు

మాఘమాసం పది రోజులుందనగా నా ఫోన్‌కి ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. పెళ్లిళ్లు మొదలయ్యేలోపు సామాను సర్దుకుందామని కుర్రాళ్లు కూర్చుంటారు. సెన్సార్ శుభ్రం చేయిస్తారు, బ్యాటరీలు లెక్కపెట్టుకుంటారు, ఆ ఊపులోనే ఫర్మ్‌వేర్ కూడా అప్‌డేట్ చేసేద్దామనుకుంటారు. మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మండపేట నుంచి అలాంటి ఫోనే వచ్చింది.

"అన్నయ్యా, కెమెరా ఏమో ఫైలు లేదంటందండి. కార్డులో నాకు కనబడతానే ఉంది."

"కార్డు కంప్యూటర్లో పెట్టి, ఫైలు పేరు అక్షరం అక్షరం చదువు తమ్ముడూ."

చదివాడు. పేరు చివర, చుక్కకి ముందు, బ్రాకెట్ల మధ్య ఒకటి అంకె ఉంది. మధ్యాహ్నం ఒకసారి డౌన్‌లోడ్ చేశాడట, పని పడి వదిలేసి, సాయంత్రం మళ్లీ చేశాడట. అదే పేరుతో ఫైలు ముందే ఉంది కాబట్టి కంప్యూటర్ రెండోదానికి ఆ అంకె తగిలించింది. మన కంటికి రెండూ ఒకటే. కెమెరా మాత్రం తనకు నేర్పిన పేరు కోసమే చూస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా అది తన ఫైలు కాదు. ఫ్యూజీఫిల్మ్ వాడేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతుంటారు. పాతవి రెండూ తీసేసి, కొత్తగా దించుకుని, పేరు చూసుకుని కార్డులో వేయమన్నాను.

అతని గొంతులో కంగారు వినిపించింది. కెమెరా పాడైపోయిందేమోనని భయం. ఆ భయం గురించే ఈ వారం రాయాలనిపించింది. నేను చూసినంతలో చాలామంది భయపడకూడని చోట భయపడి, జాగ్రత్తపడాల్సిన చోట తొందరపడుతున్నారు.

ఫర్మ్‌వేర్ అన్న మాట 1967లో పుట్టింది. ఆషర్ ఓప్లర్ అనే కంప్యూటర్ రచయిత 'డేటామేషన్' పత్రికలో వాడాడు. హార్డ్‌వేర్ గట్టిది, మార్చలేం. సాఫ్ట్‌వేర్ మెత్తనిది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఈ రెంటికీ నడుమ ఉండేదానికి ఆయన పెట్టిన పేరది. కెమెరా విషయంలో ఈ 'నడుమ' అన్న మాట ఎంత సరిగ్గా అతికిందో చూడండి. షట్టర్ బటన్ నొక్కితే ఏం చెయ్యాలి, ఫోకస్ ఎటు వెతకాలి, కార్డు మీద ఎలా రాయాలి, ఇవన్నీ లోపల ఫ్లాష్ మెమరీ అనే చిప్‌లో రాసి ఉంటాయి. వాటిని మార్చొచ్చు గానీ, మార్చడం పలక మీద రాయడం లాంటిది. పాత అక్షరాలు తుడిచాకే కొత్తవి పడతాయి. తుడవడానికీ రాయడానికీ మధ్య పలక ఖాళీ. ఆ కాసేపూ కెమెరాకి తాను కెమెరానన్న సంగతి కూడా తెలియదు.

అప్‌డేట్‌లో వచ్చే ఇబ్బందులన్నిటినీ నేను ఈ తుడవడానికి ముందువి, తర్వాతవి అని రెండుగా విడదీసుకుంటాను. ముందు వచ్చేవాటికి అసలు భయపడక్కర్లేదు. ఫైలు లేదు, ఫైలు సరిగ్గా లేదు, బ్యాటరీ చాలదు అంటూ కెమెరా ఒప్పుకోకపోతే, అది తనను తాను కాపాడుకుంటోందని అర్థం. పాత ఫర్మ్‌వేర్ లోపల చెక్కుచెదరకుండా ఉంది. మీరు కార్డు తీసేసి ఆ నిమిషమే పెళ్లికి వెళ్లి ఫొటోలు తీయొచ్చు. సాధారణంగా కెమెరా ఫైలుని మొదటినుంచి చివరిదాకా చదివి, ఎక్కడా తెగలేదని తేల్చుకున్నాకే తుడవడానికి ఒప్పుకుంటుంది.

కాబట్టి ఫైలు లేదన్నప్పుడు కెమెరాని అనుమానించకుండా బయట వెతకాలి. ఫైలు జిప్‌లోనే ఉండిపోయిందా? కార్డు తెరవగానే కనిపించేచోట వేశామా, అలవాటుకొద్దీ ఫొటోల ఫోల్డర్ లోపల వేశామా? ఈ రెండో పొరపాటు ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా జరుగుతుంది. చెయ్యి అటే పోతుంది. కార్డుని కంప్యూటర్లో ఫార్మాట్ కొట్టి ఉంటే, మళ్లీ కెమెరాలో పెట్టి అక్కడే కొట్టాలి. 32 జీబీ దాకా ఉండే కార్డులకు ఒక పద్ధతి, అంతకు పైబడిన వాటికి మరో పద్ధతి ఉంటాయి, కెమెరా తనకు కావలసినది తానే ఎంచుకుంటుంది. కార్డు పక్కనుండే చిన్న తాళం కిందికి జారి ఉండొచ్చు. రెండు కార్డులు పట్టే బాడీ అయితే మొదటి గదిలోనే పెట్టాలి. నికాన్‌లో మెనూ తెరిచి అప్‌డేట్ అన్న మాట కనబడలేదని కంగారుపడతారు. కార్డులో సరైన ఫైలు ఉంటేనే అక్కడ ఆ మాట వస్తుంది. ఫ్యూజీఫిల్మ్‌లో చాలా మోడళ్లకి డిస్‌ప్లే బ్యాక్ బటన్ నొక్కిపట్టుకుని కెమెరా ఆన్ చెయ్యాలి, మామూలుగా ఆన్ చేస్తే ఏమీ అడగదు. సోనీ పాత మోడళ్లకి కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ వైరు ద్వారానే పని. అక్కడ దోషం తరచూ వైరుది. ఫోన్ చార్జర్‌తో వచ్చిన కొన్ని వైర్లలో కరెంటు వెళ్తుంది, సమాచారం వెళ్లదు.

ఒకసారి నాకే, ఫైలు పేరు సరిగ్గా ఉంది, చోటు సరిగ్గా ఉంది, కెమెరా మాత్రం ఫైలు చెడిపోయిందంటుంది. రెండు కార్డులు మార్చాను. చివరికి ఫైలు సైజు చూస్తే కంపెనీ పేజీలో రాసినదానికన్నా తక్కువుంది. కాపీ అయిందనుకుని, ఎజెక్ట్ కొట్టకుండానే రీడర్ నుంచి కార్డు లాగేశాను. తోక తెగిన ఫైలది. ఆ రోజు కెమెరా ఒప్పుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే, ఆ ఎర్ర అక్షరాల సందేశం మీద ఇప్పటికీ నాకు కృతజ్ఞతే.

తుడవడం మొదలైన తర్వాత కథ వేరు. అక్కడ మన పని ఏమీ చెయ్యకుండా ఉండటం. చెప్పినంత తేలిక కాదు. గీత కదులుతూ కదులుతూ ఆగిపోతుంది, తెర నల్లబడిపోతుంది. కెమెరా తనంతట తాను ఆగి మళ్లీ లేస్తుంది, కొన్నిసార్లు రెండుసార్లు. చాలా ఏళ్ల కిందట ఒక రాత్రి నా కెమెరా తెర అలా నల్లబడింది. నాలుగు నిమిషాలు చూశాను. హ్యాంగ్ అయిందనుకున్నాను. మామూలు రోజుల్లో కెమెరా హ్యాంగయితే బ్యాటరీ తీసి పెడతాం కదా, చెయ్యి ఆ అలవాటుతోనే కదిలి తలుపు తెరిచింది. బ్యాటరీ మళ్లీ పెట్టాక ఏ బటన్‌కీ పలకలేదు. కొన్ని మోడళ్లలో చెరిగిపోని చిన్న భాగం ఒకటి వేరుగా ఉంటుంది. అప్‌డేట్ ఫైలున్న కార్డు, నిండు బ్యాటరీ పెట్టి మళ్లీ ప్రయత్నిస్తే లేచి కూర్చుంటాయి. నాది లేవలేదు. సర్వీస్ సెంటర్ నుంచి పదకొండు రోజులకి తిరిగొచ్చింది. ఈలోగా మా అక్క కూతురి పెళ్లి అద్దె బాడీతో తీశాను. బటన్లు ఎక్కడున్నాయో వేళ్లకి తెలియని కెమెరాతో సొంత మేనకోడలి పెళ్లి తియ్యడం ఎలా ఉంటుందో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు.

అప్పటినుంచి నిండు బ్యాటరీ పెట్టి, గ్రిప్ విప్పి, ఫ్లాష్ తీసి, కెమెరాని బల్ల మీద ఉంచి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాను. గడియారం చూసుకుంటాను. అరగంట దాటేదాకా అది చెడిపోయిందన్న మాట మనసులోకి రానివ్వను.

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు అసలెందుకు చేయడం అని మా ఆవిడ అడుగుతుంది. దానికి నా దగ్గర గట్టి సమాధానమే ఉంది. నికాన్ జెడ్ 6, జెడ్ 7 కెమెరాలు 2018లో వచ్చాయి. అప్పుడు వాటికి కన్ను కనిపెట్టి ఫోకస్ చేయడం రాదు. 2019 మే నెలలో వచ్చిన ఫర్మ్‌వేర్‌తో అది వచ్చింది. మన పెళ్లిలో జీలకర్ర బెల్లం ఘట్టం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అడ్డుతెర దిగుతుంది, వధువు కళ్లెత్తి చూస్తుంది. ఆ చూపు ఒక్క క్షణం. చుట్టూ చేతులు, అక్షింతలు, పూలదండలు. కొన్ననాడు ఆ కళ్లని వెతకలేని యంత్రం, ఒక్క భాగం మార్చకుండా, ఆర్నెల్ల తర్వాత వాటిని పట్టుకుంటోందంటే నాకది మామూలు సంగతి కాదు. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 అయితే 2011లో వచ్చింది. దాని తర్వాతి మోడల్ 2013 మొదట్లో వచ్చేసినా, అదే ఏడాది అక్టోబరులో పాతదానికి ఫోకస్ వేగం పెంచే అప్‌డేట్ ఇచ్చారు. అమ్మేసిన వస్తువుని మర్చిపోకపోవడం అంటే అదీ.

అయినా విడుదలైన రోజే వేసుకోకూడదు. 2010 మార్చిలో కెనాన్ 5డీ మార్క్ 2 కోసం వీడియోలో సెకనుకి 24, 25 ఫ్రేముల వేగాన్నిచ్చే 2.0.3 వచ్చింది. ఎన్నాళ్లుగానో అందరూ ఎదురుచూసినది. శబ్దం రికార్డింగులో లోపం బయటపడి దాన్ని వెనక్కి తీసుకుని, ఆ నెలలోనే 2.0.4 ఇచ్చారు. మొదటి రోజే దాన్ని వేసుకుని షూటింగుకి వెళ్లినవాళ్ల సంగతి ఆలోచించండి. నేను మూడు వారాలు ఆగుతాను. ముహూర్తం వారం లోపలుంటే మాత్రం ఎంత మంచి అప్‌డేట్ అయినా ముట్టుకోను.

అప్‌డేట్ అయిన మర్నాడు వచ్చే ఫోన్లు ఇంకో రకం. ఫోకస్ తడబడుతోంది, బ్యాటరీ తొందరగా దిగిపోతోంది, కొత్త ఫర్మ్‌వేర్ చెడ్డది అంటారు. కావచ్చు. కానీ ముందు లెన్సు మార్చి చూడాలి. వేరే కంపెనీ లెన్సులు బాడీ మాట్లాడే భాషని సొంతంగా నేర్చుకుని పనిచేస్తాయి. బాడీ భాష మారితే వాటికీ మళ్లీ నేర్పాలి. లెన్సు కాంటాక్టులు మెత్తని గుడ్డతో తుడవాలి. సెట్టింగులు కొన్ని మొదటికి వచ్చి ఉండొచ్చు, అందుకే అప్‌డేట్‌కి ముందు మెనూ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటాను. మరీ ముఖ్యంగా, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. లెన్సూ కార్డూ బ్యాటరీ కలిపి మార్చేస్తే బాగవుతుందేమో గానీ, ఏది బాగుచేసిందో తెలియదు.

ఆదివారం రాత్రికి వస్తే, ఫైలు ఈసారి కనబడింది. అప్‌డేట్ మొదలుపెట్టాక ఫోన్ పెట్టెయ్యనివ్వలేదు. స్పీకర్‌లో పెట్టి పక్కన ఉంచమన్నాను. వాళ్లింట్లో టీవీలో ఏదో పాట వస్తోంది.

"అన్నయ్యా, తెర నల్లగా అయిపోయిందండి."

"చేతులెక్కడున్నాయి?"

"కెమెరా మీదేనండి."

"తీసెయ్యి. మీ ఊళ్లో వాన పడిందా ఈ మధ్య?"

మినప చేల గురించి చెప్పాడు. వాళ్ల నాన్నగారి మోకాలి నొప్పి గురించి చెప్పాడు. మధ్యలో రెండుసార్లు మాట ఆపేశాడు, నేనూ ఆగాను. ఆరో నిమిషంలో కెమెరా లేచింది. కొత్త వెర్షన్ అంకెలు చదివి వినిపించాడు. ఉన్న మూడు లెన్సులూ ఒకదాని తర్వాత ఒకటి తగిలించి గోడమీద క్యాలెండర్ ఫొటో తీసి పంపమన్నాను. పదిన్నరకి మూడూ వచ్చాయి. మూడింట్లోనూ తిథులు స్పష్టంగా ఉన్నాయి.

"లెన్సుకి కూడా ఒకటి వచ్చిందంట అన్నయ్యా, ఇప్పుడే పెట్టెయ్యమంటారా?"

"ముందు ఆ బ్యాటరీ చార్జింగ్‌కి పెట్టి పడుకో. అది రేపు పగలు చూద్దాం."